చూడని నాడి

పోయినవారం మనం ఉమైమాను కృతిక స్కూటీ వెనుక సీటు మీద వదిలిపెట్టాం. ఇవాళే ఈ పేజీ తెరిచినవాళ్ళకు వెనుకటి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, ఆ స్కూటీ ఆగిన చోటికి పోదాం.

సిద్దిపేటలో ఒక ప్రైవేటు దవాఖాన, దానికి ఆనుకునే ఒక నర్సింగ్ స్కూలు. ఉమైమా అక్కడ ఆఖరి సంవత్సరం. తండ్రి అహ్మద్ చిన్నకోడూరులో పరుపులు కుట్టి ఆమెను చదివిస్తున్నడు. ఎనిమిది రోజుల కింద నంగునూరు నుంచి వచ్చిన త్రివేణి అనే అమ్మాయికి పొద్దున ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీసిన్రు. సాయంత్రం నాలుగింటికల్లా త్రివేణి లేదు. కడుపు లోపల నెత్తురు కారుతూనే ఉంది. బయటికి మాత్రం చుక్క కనబడలేదు.

చార్టులో చూస్తే బీపీ, నాడి అన్నీ సక్కగానే ఉన్నాయి. ఆ వార్డులో ఇప్పుడు కాగితం చార్టులు లేవు. పలకంత ట్యాబ్ ఒకటుంది. నర్సు తన పాస్‌వర్డు కొట్టి అందులోకి పోయి, అరగంటకోసారి అంకెలు ఎక్కించాలి. త్రివేణి చార్టు మీదున్న పేరు ప్రమీలాదేవిది. ఇరవై ఆరేండ్లుగా అదే పని చేస్తున్న స్టాఫ్ నర్సు. ఆమెకు మెమో ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టిన్రు. సోమవారం విచారణ.

కానీ ఆ అంకెలు కొట్టిన వేళ్ళు ఉమైమావి. అందులో ఒంటిగంటవి, ఒకటిన్నరవి ఆమె చూసి కొట్టినవి కావు. ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే, హాస్టల్లో ఉమైమాతో ఒకే గదిలో ఉండే, ఒక ఏడు వెనుక అదే స్కూల్లో చదివే కృతిక.

*

ప్రమీలాదేవి ఉండే గల్లీ మొదట్లో స్కూటీ ఆపింది కానీ కృతిక ఇంజను బంద్ చేయలేదు.

“ఇప్పటికన్నా నా మాట ఇనవే. సోమవారం దాక ఆగు. సిస్టర్ ఏం చెప్తదో చూసి అప్పుడు...”

“ఆమెకు తెలిస్తే కదా చెప్పనీకి,” అన్నది ఉమైమా దిగుతూ.

“మరి నాకెందుకు చెప్పినవ్? నేను గూడ పండుకుంట లేను ఇప్పుడు.”

నిజమే, కృతిక కండ్లు వాచి ఉన్నాయి. కుకునూరుపల్లి నుంచి వచ్చిన రోజు నుంచి హాస్టల్ అంతా నవ్వించే పిల్ల, ఎనిమిది రోజులుగా అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నది. తన కోసమే అట్లా అయిందని ఉమైమా అనుకున్నది.

“లోపలికి రా.”

“నేను రాను. గీడనే ఉంట. జల్ది రా.”

ప్రమీలాదేవి ఇల్లు గల్లీలో ఐదోది. తలుపు తీసింది ఆమె భర్త ఉప్పలయ్య. ముప్పై ఏండ్లు భివండీలో పవర్‌లూమ్‌ల మధ్య నిలబడి వచ్చిన మనిషి. ఆ మరమగ్గాల సాంచల చప్పుడు ఆయన చెవులను తినేసింది. తనకు వినబడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినబడదనుకుంటడు.

“ఎవరు? దవాఖాన పిల్లనా?” అని గల్లీ అంతా వినేటట్టు అడిగిండు. “ఏయ్, నీ కోసమే! మళ్ళ కాగితం తెచ్చిన్రేమో!”

ప్రమీలాదేవి నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నది. తెల్లబట్టల్లో తప్ప ఆమెను ఉమైమా ఎప్పుడూ చూడలేదు. పాత నేత చీరలో, జుట్టు విప్పుకుని, ఒక్కసారిగా పదేండ్లు మీదపడ్డట్టు కనబడింది. చేతికి గడియారం మాత్రం అట్లనే ఉంది, నాడి చూసేటప్పుడు వీలుగా మణికట్టు లోపలివైపు తిప్పి.

“కూసో బిడ్డా. తిన్నవా?”

“తిన్న సిస్టర్.”

“అబద్ధం. పెదవులు ఎండిపోయినయ్.” లేచిపోయి నీళ్ళు తెచ్చింది. “ఆ దినం పరీక్ష ఉండె కదా నీకు. ఎట్ల రాసినవ్?”

నీళ్ళ గ్లాసు ఉమైమా చేతిలోనే ఉండిపోయింది. ఎనిమిది రోజుల్లో ఆ పరీక్ష గురించి అడిగిన మొదటి మనిషి ఈమెనే. ఆ పరీక్ష కోసమే తను ఒంటిగంటకు పది నిమిషాలుండంగ వార్డు వదిలిపెట్టి పోయింది.

“మంచిగనే రాసిన,” అన్నది.

“ఊఁ.” ప్రమీలాదేవి గోడ అల్మారాలోంచి ఒక కవరు తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. “ఇంగ్లీషు సక్కగ చదువుతవ్ కదా, గిది చదువు. మొన్న పోయి చెవులకు పరీక్ష చేయించుకున్న.”

“చెవులకా?”

“చదువు ముందుగాల.”

ఉమైమా చదివింది. రెండు గీతలు, ఒకటి కుడి చెవిది, ఒకటి ఎడమది. కింద డాక్టరు ఒక్క వాక్యం రాసిండు. “రెండు చెవులు మంచిగున్నయట సిస్టర్. వయసుకు తగ్గట్టు బాగనే ఉన్నయట.”

“గదే, ఆ డాక్టరు గూడ గదే అన్నడు.” ప్రమీలాదేవి కవరు వెనక్కి తీసుకుని దాని అంచు సాపు చేసింది. “మా ఆయన లెక్క నా చెవులు గూడ పోయినయనుకున్న. పోతేనే మంచిగుండేది. కారణమన్న దొరికేది.”

ఉమైమాకు అర్థం కాలేదు. ఆ రోజు తను పోయినంక వార్డులో ఏం జరిగిందో ఆమెకు తెలియదు. తిరిగొచ్చేసరికి మూడు అయింది, త్రివేణిని ఉరుకుల మీద మళ్ళీ ఆపరేషన్ థియేటరుకు తీసుకుపోతున్నరు.

“ఎవ్వరికి చెప్పలే ఇది,” అన్నది ప్రమీలాదేవి. “మెమోకు జవాబుల గూడ రాయలే. నువ్వు నా పక్కన ఉండి పని నేర్చుకున్న పిల్లవు, నీకు చెప్త. ఒకటీ నలభైకి నేను ఆ పిల్ల దగ్గరికి పోయిన. మొకం తెల్లగున్నది. చెయ్యి పట్టుకుంటె సల్లగున్నది. నాడి ఉరుకుతుంది, నూట ఇరవై నాలుగు. దారం లెక్క సన్నగున్నది. బీపీ పట్టా కట్టి స్టెత్ చెవులకు పెట్టుకుని ఇన్న. తొంభై రెండు.”

“తొంభై రెండా?”

“తొంభై రెండు. పైది. కడుపు మీద చెయ్యి పెట్టిన, గట్టిగున్నది. ఇరవై ఆరేండ్ల నుంచి చూస్తున్న, ఆ చెయ్యికి ఎరుక. ఉరికిపోయి డాక్టరుకు ఫోన్ చేసిన. ఆయన క్యాంటీన్ల ఉన్నడు. తన ఫోన్ల చార్టు తెరిచి చూసిండు. ‘ఏంది సిస్టర్, ఒకటిన్నరకు నూట పద్దెనిమిది ఉన్నది, నాడి ఎనభై నాలుగు. పది నిమిషాలల్ల ఏమైతది? నీ చేతి మిషన్ పాతది, నొప్పికి ఇంజక్షన్ ఇయ్యి, నేను వచ్చి చూస్త’ అన్నడు.”

ఉమైమా గ్లాసు కింద పెట్టింది.

“నేను ట్యాబ్ తీసి చూసిన. నిజమే. నూట పద్దెనిమిది. పోయి మళ్ళ కట్టిన పట్టా. ఈసారి నాకు వంద లెక్క ఇనబడ్డది. వందనో, తొంభైనో! మనసుల అనుమానం పడ్డంక చెవులు ఏదంటె అదే ఇంటయి. నా చెవులే పోయినయనుకున్న. మిషన్ అబద్ధం ఎందుకు చెప్తది? ఇంజక్షన్ ఇచ్చిన. పిల్ల కండ్లు మూసింది. నిమ్మళమైందనుకున్న బిడ్డా. నిద్ర పోతుందనుకున్న. నిద్ర కాదది.”

ఉప్పలయ్య రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చి వాళ్ళ మధ్యన పెట్టిండు. ఇద్దరి మొకాలు చూసి పోయి గడప మీద కూర్చున్నడు.

“చెవులు మంచిగున్నయంటె,” అన్నది ప్రమీలాదేవి, “ఒకటిన్నరకు నూట పద్దెనిమిది ఉన్నది పది నిమిషాలకే తొంభై రెండు అయినట్టు. అట్ల గూడ అయితదా? అయితే నేను ఎందుకు ఒర్రలే, అరవలే? ఎందుకు పోయి ఆ డాక్టరు కాలర్ పట్టుకుని గుంజుకరాలే? సోమవారం గదే అడుగుతరు. నా దగ్గర జవాబు లేదు.”

వచ్చేటప్పుడు దారంతా ఉమైమా మాటలు కూర్చుకున్నది. ముందు క్షమించమని అడగాలి, తర్వాత చెప్పాలి అని. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

“నూట పద్దెనిమిది లేదు సిస్టర్.”

“ఏంది?”

“ఒకటిన్నరకు నూట పద్దెనిమిది లేదు. అది నేను రాసిన.”

“నువ్వు రాసుడేంది? అప్పటికి నువ్వు పరీక్షకు పోయినవ్ కదా.”

“చూడకుండ రాసిన. పరీక్షకు పోయేటప్పుడు, పన్నెండు యాభైకి, ఒంటిగంటది, ఒకటిన్నరది రెండు గడులు ముందే నింపిన. మంచం దగ్గరికి గూడ పోలే.”

ప్రమీలాదేవి ఆమె మొకం వైపే చూస్తున్నది. కోపం లేదు, అర్థం కాని చూపు. వేరే భాషలో ఎవరో మాట్లాడుతుంటే చూసే చూపు.

“మిషన్ చూసింది కాదా అది?”

“మిషన్ చూడదు సిస్టర్.”

“చూస్తది కదా! ఆ కంప్యూటర్లు నేర్ప వచ్చిన సిద్ధార్థ పెద్ద తెర మీద చూపిచ్చిండు. మంచం పక్క మిషన్ల నుంచి అంకెలు వాటంతట అవే పోయి ట్యాబ్‌ల పడ్తయన్నడు. నువ్వు కొట్టేది పైపైన, మందులు, ఉచ్చ సంచి కొలతలు, అవి. బీపీ అయితే మిషనే...”

“పై అంతస్తుల ఐసీయూల అట్ల. మన వార్డుల చేతితోటే కొట్టాలె. ఆ మాట మీరు లేచిపోయినంక చెప్పిండు.”

ట్యాబ్ నేర్పిన రోజు ఉమైమాకూ గుర్తుంది. నలభై మంది సిస్టర్లకు రెండు గంటల్లో అంతా నేర్పిన్రు. స్టూడెంట్లను వెనుక నిలబెట్టిన్రు. గంట కూడా కాకముందే లేబర్ రూము నుంచి పిలుపు వచ్చింది. ప్రమీలాదేవి లేచి, తలుపు దగ్గర బల్ల మీదున్న కాగితంలో ‘నేర్చుకున్నాను’ అన్న మాట ఎదురుగా సంతకం పెట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని ఉరికింది. ఆ పూట ఆమె ఒక బిడ్డను బతికించింది. తర్వాత వారం ఉమైమాను పిలిచి, “నాకు ఇది చాతకాదు బిడ్డా, నువ్వు కొట్టు, నేను మనుషులను చూసుకుంట,” అని తన పాస్‌వర్డు చెప్పింది. వార్డులో అందరు సిస్టర్లూ ఎవరో ఒక స్టూడెంటుకు అట్లానే చెప్పిన్రు.

ఉమైమాకు మాత్రం ఎవరు నేర్పిన్రు? స్కూల్లో కంప్యూటర్ గదికి తాళం. రికార్డు పుస్తకంలో ఆ పాఠం ఎదురుగా టిక్కు, పక్కన సంతకం. వార్డుకు వచ్చినంక సీనియర్లు నేర్పింది ఒక్కటే: టైముకు అంకె ఎక్కకపోతే గడి ఎర్రగైతది, ఎర్ర గడులు ఎన్నో లెక్కపెట్టి సాయంత్రం వార్డు పేరుతో వాట్సాప్ గ్రూపులో పెడతరు, కాబట్టి ఎరుపు రానియ్యొద్దు.

“నూట పద్దెనిమిదే ఎందుకు?” అని అడిగింది ప్రమీలాదేవి.

“ఆఁ?”

“నూట పది ఎందుకు రాయలే? నూట ముప్పై ఎందుకు రాయలే?”

“పన్నెండున్నరకు నేనే చూసిన. నూట ఇరవై ఉండె. దాని పక్కన... దాని పక్కన నిజం లెక్క కనబడ్తదని.”

ప్రమీలాదేవి చేతిలోని కవరు పక్కన పెట్టింది. తర్వాత ఎడమ చెయ్యి ముందుకు చాపింది.

“పట్టు.”

“సిస్టర్...”

“పట్టుమన్న. నాడి చూడు. నా గడియారమే చూసుకో. పూర నిమిషం లెక్క.”

ఉమైమా మూడు వేళ్ళు ఆ మణికట్టు మీద ఆనించింది. మొదట ఏమీ దొరకలేదు. మెల్లగా దొరికింది. ఒకటి, రెండు, మూడు. సెకన్ల ముల్లు కదులుతున్నది. గడప మీద ఉప్పలయ్య బీడీ ముట్టించుకున్నడు. ముప్పై. యాభై. లెక్క తప్పకుండా పట్టుకోవడానికి పెదవులు కదిలిస్తుంటే వాటి మీదికి కన్నీళ్ళు కారి ఉప్పగా తగిలాయి. డెబ్బై. తొంభై. ముల్లు తిరిగి వచ్చింది.

“నూట నాలుగు.”

“ఎంత సేపు పట్టింది?”

“నిమిషం.”

“గంతే,” అన్నది ప్రమీలాదేవి చెయ్యి వెనక్కి తీసుకుని. “నిమిషం. నువ్వు ఆ పిల్లకు నిమిషం ఇయ్యలే. నేను గూడ ఇచ్చిన నిమిషాన్ని నమ్మలే. నా వేలు చెప్పింది, నా చెవి చెప్పింది, నా చెయ్యి చెప్పింది. మూడు చెప్పినయి. వాటన్నిటి మీద నువ్వు ఊహించి రాసిన అంకెను నమ్మిన.”

అప్పుడు ఏడ్చింది. శబ్దం లేకుండా, చిక్కుడుకాయల పళ్ళెం మీదికి వంగి. ఉప్పలయ్య తిరిగి చూసిండు. ఆయనకు ఏడుపు వినబడదు, భుజాలు కనబడ్డాయి. లేవబోయి, ఏమనుకున్నడో మళ్ళీ కూర్చున్నడు.

“నేను సోమవారం వచ్చి అందరి ముందట చెప్త సిస్టర్,” అన్నది ఉమైమా. “మీ తప్పు లేదని చెప్త.”

“నా తప్పు లేదా?” ప్రమీలాదేవి కొంగుతో మొకం తుడుచుకున్నది. “నా పేరు నీ చేతిల పెట్టింది ఎవరు? తెల్వని దాని ముందట తెలుసునని సంతకం పెట్టింది ఎవరు? నీ తప్పు నువ్వు మొయ్యి, నా తప్పు నాకు ఉంచు. నన్ను మంచిదాన్ని చెయ్యకు.”

గడప దగ్గర ఉప్పలయ్య గొంతు లేచింది. “ఎవరమ్మా? ఎవరు కావాలె?”

*

వచ్చిన ఆమెకు యాభై ఏండ్లుంటాయి. ఎండలో నడిచి వచ్చినట్టు మొకం కమిలి ఉంది. చేతిలో పాలిథిన్ కవరు, అందులో మడతపెట్టిన కాగితాలు. గడప దాటకుండా నిలబడి లోపలికి చూసింది.

ప్రమీలాదేవి లేచి నిలబడ్డది. ఉమైమా ఆమెను దవాఖానలో చూసింది, కానీ గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. ఆ రోజు త్రివేణి తల్లి కొమురవ్వ మొకం ఇట్లా లేదు. ఆ రోజు పొద్దున ఆమె మనుమరాలిని ఎత్తుకుని వార్డంతా చూపించింది.

“నర్సమ్మా, కొట్లాటకు రాలే,” అన్నది కొమురవ్వ. “ఇల్లు అడుక్కుంట వచ్చిన. ఒక్క మాట అడిగి పోత.”

“లోపలికి రా అమ్మా. కూసో. పసిదానికి పాలు?”

“మా చిన్నకోడలు ఇస్తుంది. ఆమెకు అయిదు నెలల పోరడున్నడు. ఇద్దరికీ సాలుతలేవు. డబ్బ పాలు కలుపుతున్నం.” కూర్చుని, కవరులోంచి కాగితాలు తీసింది. “మా అల్లుడు ఓంప్రకాశ్ పోయి అడిగితే దవాఖానోళ్ళు ఇచ్చిన్రు. అల్లుడు చదివి, అంతా మంచిగనే ఉన్నదత్తా అంటుండు. అంతా మంచిగుంటె నా బిడ్డ ఎట్ల పాయె నర్సమ్మా? ఆ దినం దాని కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది నువ్వు ఒక్కదానివే. నువ్వు చదివి చెప్పు. నువ్వు చెప్తే నమ్ముత.”

ప్రమీలాదేవి కాగితాలు అందుకోలేదు. ఉమైమా వైపు చూసింది. ఆ చూపులో బెదిరింపు లేదు, ఆదేశం కూడా లేదు. సోమవారం దాకా ఆగాల్సిన పని లేదని మాత్రం ఉంది.

ఉమైమా చెయ్యి చాపి కాగితాలు తీసుకున్నది.

“నేను చదువుత అమ్మా.” మడతలు విప్పింది. “పన్నెండింటికి బీపీ నూట ఇరవై రెండు. పన్నెండున్నరకు నూట ఇరవై. ఈ రెండు నిజమే, నేనే చూసిన. ఒంటిగంటకు నూట పద్దెనిమిది. ఒకటిన్నరకు నూట పద్దెనిమిది.” ఆగింది. “ఈ రెండు అబద్ధం. చూడకుండ నేను రాసిన. ఒకటీ నలభైకి సిస్టర్ చూస్తే తొంభై రెండు ఉన్నది. డాక్టరు సిస్టర్ మాట నమ్మలే, నేను రాసింది నమ్మిండు.”

బయట గల్లీలో కూరగాయల బండి అరుచుకుంటూ పోయింది. కొమురవ్వ ఉమైమా దగ్గరికి జరిగి కుడిచేతి వేలు ముందుకు పెట్టింది.

“నాకు చదువు రాదు. ఆ రెండు ఎక్కడున్నయో నా వేలు పెట్టి చూపియ్యి.”

ఉమైమా ఆ వేలు పట్టుకుని కాగితం మీద ఒంటిగంట గడిలో పెట్టింది. తర్వాత దాని కింది గడిలో. పొలం పనులకు కాయలు కాసిన ఆ వేలి కింద రెండు గడులూ కనబడకుండా పోయాయి.

“గింతనేనా?”

“గింతనే అమ్మా.”

“నా బిడ్డ నాలుగుసార్లు చెప్పింది, అవ్వా పానం గుంజుతుందని. నాలుగుసార్లు. గింత అంకె దానికన్న ఎక్కువ మాట్లాడిందా?”

ఉమైమా ఆమె కాళ్ళ దగ్గర తల వంచింది. ఒక దెబ్బ కొడితే బాగుండునని మనసులో ఎదురుచూసింది. దెబ్బ పడలేదు. కొమురవ్వ కాగితాలు తీసుకుని, మడతలు పాత మడతల మీదనే పడేటట్టు జాగ్రత్తగా మడిచింది.

“నిన్ను నేనేమంట?” అన్నది చివరికి. “తిడితే నోరు నొస్తది, బిడ్డ రాదు. నువ్వు చెప్పినవ్. గీ మాట పది మందిల చెప్పు, గంతే. మరి రెండో సంగతి గూడ చెప్పున్రి.”

“ఏ రెండో సంగతి?” అని అడిగింది ప్రమీలాదేవి.

“నువ్వు రెండింటికి డ్యూటీ దిగిపోయేటప్పుడు నా బిడ్డ వేలుకు ఒక క్లిప్పు పెట్టి పోలేదా నర్సమ్మా? పక్కన చిన్న టీవీ అసోంటిది పెట్టి, ఏమన్న అయితే ఇది ఒర్రుతదమ్మా, బుగులు పడకు అనలేదా?”

“అన్న. మనసు ఒప్పక పెట్టిపోయిన. కానీ అది ఒర్రలేదు కదా. అసలు చప్పుడే కాలేదని సాయంత్రం డ్యూటీ సిస్టర్ రాసిచ్చింది. మిషన్ పాడైందేమోనని...”

“ఒర్రలేదా?” కొమురవ్వ గొంతు మొదటిసారి లేచింది. “నువ్వు పోయి పావుగంట గాకముందే ఒర్రింది! పిట్ట మొత్తుకున్నట్టు మొత్తుకున్నది. నేను ఎవరన్న రండమ్మా అని లేచిన. ఒక పిల్ల వచ్చింది. ఏదో ఒత్తింది, అది నోరు మూసుకున్నది. ‘ఏం కాదమ్మా, చెయ్యి కదిలితే అట్లనే ఒర్రుతది’ అని పోయింది. మళ్ళ ఒర్రింది. మళ్ళ వచ్చి మళ్ళ మూసింది. ఇగ ఆ తర్వాత ఒర్రలే.”

ప్రమీలాదేవి గోడకు చెయ్యి ఆనించింది. “ఏ పిల్ల? సిస్టరా?”

“సిస్టర్ కాదు. గీ పిల్ల అసోంటి బట్టలే ఉండె.”

ఉమైమా తన యూనిఫాం వైపు చూసుకున్నది. ఆ పూట వార్డులో స్టూడెంట్లను ఇద్దరినే వేసిన్రు. ఒకరు తను. తను అప్పుడు పరీక్ష రాస్తున్నది.

“ఉమైమా!” వాకిట్లో చెప్పుల చప్పుడైంది. “ఇంకెంత సేపే? హాస్టల్ నుంచి ఫోన్ మీద ఫోన్...”

కృతిక గడపలోకి వచ్చి ఆగిపోయింది. కొమురవ్వ తల తిప్పి చూసింది. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టిన్రని చెప్పడానికి ఎవరూ మాట్లాడాల్సిన పని లేకపోయింది.

“గీ పిల్లనే,” అన్నది కొమురవ్వ.

పారిపోతుందేమో అనుకున్నది ఉమైమా. కృతిక కదలలేదు. ఎనిమిది రోజులుగా గొంతులో పట్టుకుని తిరుగుతున్నది అడగకముందే బయటపడ్డది.

“రోజుకు యాభైసార్లు ఒర్రుతదమ్మా అది. ఉత్తగనే ఒర్రుతది. ఎందుకు ఒర్రుతదో, ఏ అంకె చూడాల్నో నాకు ఎవ్వరు చెప్పలే. ఎట్ల బంద్ చెయ్యాల్నో ఒక్కటే చూపిచ్చిన్రు.”

“ఎవరు?” ప్రమీలాదేవి గోడ వదిలి ముందుకు వచ్చింది. వార్డులో వినబడితే అందరూ లేచి నిలబడే గొంతు అది. ఇప్పుడు ఆ గొంతే లేచింది. “పానాల మీద మిషన్ ఒర్రుతుంటె దాని నోరు మూయమని మీకు నేర్పింది ఎవరు? భయపడకు, పేరు చెప్పు. సోమవారం వాళ్ళను గూడ నిలబెడ్త.”

కృతిక ఉమైమా వైపు చూసింది, కొమురవ్వ వైపు చూసింది. చెప్పొద్దని ఎవరైనా అంటారేమోనని ఆగినట్టు ఆగింది. ఎవరూ అనలేదు.

“మొదటి వారం,” అన్నది మెల్లగా, “గంట బొమ్మ ఉన్న బటన్ మీద నా వేలు పట్టుకుని ఒత్తిపిచ్చిన్రు. పేషెంట్ల నిద్ర చెడుతది, ఒర్రంగనే ఒత్తెయ్యి బిడ్డా అన్నరు. మీరే, సిస్టర్.”